అయిదు లీటర్లు

కుతాయిసిలో ఆ చలికాలం
కరెంటు చుట్టంలా వచ్చిపోయేది,
ఎప్పుడొస్తుందో చెప్పేది కాదు.
నొప్పులు మాత్రం డాక్టరు చెప్పిన రోజుకే వచ్చాయి,
మంగళవారం పొద్దున,
కిరసనాయిలు పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తుంటే.

ప్రసూతి ఆసుపత్రిలోకి మగవాళ్లను రానివ్వరు.
దేశం మారినా ఆ రూలు మారలేదు.
అందుకని జుంబేర్ పెరట్లో మంచులో నిలబడి
రెండో అంతస్తు కిటికీకేసి అరిచేవాడు:
"నానులీ, అయిందా?"
కిటికీ పక్కనున్న ఎవరో బాలింత జవాబిచ్చేది: "కాలేదు."
సాయంత్రం అరిచాడు. కాలేదు.
అర్ధరాత్రి అరవలేదు, లాంతరు ఊపాడు.
పైకప్పు మీద ఊగే ఆ పసుపు మరకను
లెక్కపెట్టుకుంటూ ఒక నొప్పి దాటాను. ఒక్కటే.

మంత్రసాని త్సియాల
లోపల చూసేముందు వేళ్లను కొవ్వొత్తి మీద కాచుకునేది.
"నాలుగు వేళ్లు" అంది బుధవారం పొద్దున.
"నాలుగు వేళ్లే" అంది మధ్యాహ్నం.
చివరి ఆ దీర్ఘంలో
నేను ఆరు గంటలు నడిచాను.

నొప్పి ఎలా ఉంటుందో చెప్పమంటారు.
చెప్పడానికి నేనక్కడ లేను.
ఒక నడుం ఉంది, మంచానికి ఇనుప కడ్డీ ఉంది,
ఆ రెంటి మధ్య ఏదో జంతువు
నా గొంతుతో మా అమ్మను బూతులు తిట్టింది.
పక్క మంచం లామర, మూడు కాన్పుల మనిషి,
"తిట్టు, ఆవిడా వాళ్లమ్మను తిట్టే ఉంటుంది" అని
నా నోట్లో చక్కెర బిళ్ల పెట్టింది.
చక్కెర దొరకని ఏడాది అది.

ఉమ్మనీరు పచ్చగా పోయింది.
త్సియాల ఏమీ అనలేదు.
చెక్క గొట్టం పొట్టకు ఆనించి చాలాసేపు వింది.
ఆమె పెదాలు అంకెలు లెక్కపెట్టడం చూశాను,
లెక్క మధ్యలో ఆపి పరిగెత్తడం చూశాను.
అరవయ్యేళ్ల మనిషి.
చెప్పొకటి నా మంచం కిందే ఉండిపోయింది.

ఆపరేషన్ గది నాలుగో అంతస్తులో.
లిఫ్టు చచ్చి రెండేళ్లు.
జనరేటరుంది, దాని కడుపు ఖాళీ.
అప్పుడామె కిటికీ తెరిచి కిందికి అరిచింది,
జుంబేర్‌ని కాదు,
నిప్పు చుట్టూ మూగిన తండ్రులందర్నీ:
"నలుగురు పైకి రండి! పెట్రోలున్నవాడు పెట్రోలు తీసుకురా!"

రూలు అలా ముగిసింది. బూట్ల మంచుతోనే వచ్చారు.
నన్ను దుప్పట్లోకి దొర్లించి నాలుగు కొసలూ పట్టారు.
మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి గదా,
పట్టారు: నా నెత్తురు, నా వాంతి, నా తిట్లు.
మలుపులో ఒకరి కాలు జారింది.
"తలవైపు ఎత్తు, ఎత్తవయ్యా" అని విసుక్కున్నారు
బీరువా మోసేవాళ్లలా.
మెట్ల మధ్య మళ్లీ నొప్పి. "ఆగండి" అన్నాను.
ఆగారు.
అది పోయేదాకా చీకట్లో
నలుగురూ ఊపిరి బిగబట్టారు, తమకే వచ్చినట్టు.

తలవైపు కొస పట్టినవాడి ముఖం చూడలేదు.
ఊపిరి మాత్రం గుప్పున తగిలింది: పెట్రోలు.
తన జిగులి కారు ట్యాంకులో గొట్టం పెట్టి
నోటితో పీల్చి, మింగినంత మింగి,
అయిదు లీటర్లు తీశాడట.

తర్వాతది విన్నదే, నేను మత్తులో ఉన్నాను.
దీపం వెలిగిందట, రెండుసార్లు ఆరబోయిందట.
చివరి మూడు కుట్లూ లాంతరు వెలుగులో వేశారు,
ఇప్పటికీ వంకరే.
పిల్ల నీలంగా ఉంది, ఏడవలేదు.
త్సియాల ఒంటి చెప్పుతో నిలబడి దాని వీపు రుద్దుతూ
"దొంగపిల్లా, ఇంతమందిని లేపి నువ్వు పడుకుంటావా?" అంటే
అప్పుడు ఏడ్చింది.

ఆ పెట్రోలాయన కోసం జుంబేర్ వారం వెతికాడు.
అతనికి కొడుకో, కూతురో, అసలు ఏమైందో,
ఖాళీ కారుతో పెళ్లాన్ని ఇంటికెలా తీసుకెళ్లాడో
చెప్పేవాళ్లు లేరు.

పిల్లకిప్పుడు ముప్పై దాటాయి.
అయినా బంకులో గొట్టం బయటికి తీసేటప్పుడు
ఆ వాసన తగిలితే చాలు,
ఎప్పుడో ఎండిన రొమ్ములు చేపుకొస్తాయి.
చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు
కాసేపు కారెక్కకుండా నిలబడతాను.
వెనక కార్లవాళ్లు హారన్ కొడతారు.